బెయిల్ రికవరీ పనికి పిస్తోలు ఎలా ఎంచుకోవాలి, ఎలా జాగ్రత్తగా పెట్టుకు తిరగాలి?

మన ఊళ్లో ఎవరికైనా జామీను ఉన్నారనుకోండి, ముద్దాయి వాయిదాకి రాకుండా ఎగ్గొడితే ఆ తలనొప్పి మీదే. అయినా బొడ్లో పిస్తోలు దోపుకుని వాణ్ణి వెతకడానికి వెళ్లే హక్కు మీకు రాదు. మెజిస్ట్రేటు దగ్గర పూచీ రద్దు చేయమని దరఖాస్తు పెట్టుకుంటే వారంటు కోర్టు ఇస్తుంది, పట్టుకొచ్చేది పోలీసులు.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అలా కాదు. అక్కడ జామీను ఒక వ్యాపారం. బాండు కంపెనీ ముద్దాయి దగ్గర మామూలుగా పది శాతం ఫీజు తీసుకుని మొత్తం సొమ్ముకి కోర్టులో పూచీ ఉంటుంది. వాడు పారిపోతే వెతికి పట్టుకురావడానికి మనిషిని పెట్టుకుంటుంది. జనం బౌంటీ హంటర్ అనేది ఆయన్నే, ఆ పనే బెయిల్ రికవరీ. ఇలా పట్టుకొచ్చే హక్కుకి ఇప్పటికీ ఆధారంగా చూపేది 1872 నాటి టేలర్ వర్సెస్ టెయింటర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట. నూటయాభై ఏళ్లు దాటాయి, ఈలోగా రాష్ట్రాలు ఆ హక్కుని ముక్కలు ముక్కలుగా కోసేశాయి. ఇలినాయ్, కెంటకీ, ఆరెగన్, విస్కాన్సిన్‌లలో అసలు ఈ వ్యాపారమే లేదు. ఫ్లోరిడాలో లైసెన్సున్న బెయిల్ ఏజెంటు తప్ప బయటి వేటగాడు పనికిరాడు.

ఈ పనికి పిస్తోలు కావాలనుకునేవాళ్లు సాధారణంగా షాపు నుంచి మొదలెడతారు. నన్నడిగితే షాపు నాలుగో మెట్టు.

మొదట మీ వీసా చూసుకోండి

తెలుగువాళ్లకి ముందు చెప్పాల్సింది ఇది. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిని పట్టుకుని ‘నాకు పర్వాలేదట’ అనే రూమ్మేటు మాట నమ్మి పిస్తోలు కొనకండి. పైగా ఆ మినహాయింపు ఈ ఉద్యోగానికి అనుమతి కాదు. గ్రీన్‌కార్డు ఉంటే ఫెడరల్ చట్టం అడ్డు రాదు. డీలరు దగ్గర పిస్తోలు కొనాలంటే 21 ఏళ్లు నిండాలని ఫెడరల్ నియమం. 4473 అనే ఫారం నింపాలి, నేరచరిత్ర తనిఖీ దాటాలి. ఆ ఫారంలో అబద్ధం రాస్తే అదొక వేరే కేసు.

తర్వాత రాష్ట్రం కాగితాలు

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి అర్హులైన పెద్దవాళ్లు పర్మిట్ లేకుండానే పిస్తోలు పెట్టుకోవచ్చు. ‘ఇంకేం, మొదలెట్టేద్దాం’ అనుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. పిస్తోలు పెట్టుకునే హక్కు వేరు, దాన్ని పెట్టుకుని డబ్బులకి మనిషిని పట్టుకునే హక్కు వేరు. టెక్సస్‌లో ఈ పని చేయాలంటే పోలీసైనా అయి ఉండాలి, లైసెన్సున్న ప్రైవేట్ డిటెక్టివైనా కావాలి, లేదా ఆయుధం పెట్టుకునే అనుమతి ఉన్న సెక్యూరిటీ అధికారి కావాలి. డిటెక్టివ్ చేతిలో బాండు కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చిన అధికారం ఉండాలి. ఇంట్లో ఉన్నవాళ్లు ఒప్పుకోకుండా గడప దాటకూడదు. ప్రభుత్వోద్యోగిలా కనిపించే బ్యాడ్జీ, యూనిఫాం వేసుకోకూడదు.

కాలిఫోర్నియాలో ఇంకో పద్ధతి. మనిషిని పట్టుకోవడానికి వెళ్లేముందు, ఆరు గంటలకు మించని వ్యవధిలో అక్కడి పోలీసులకి చెప్పాలి. ఇవన్నీ తుపాకీ కబుర్లు కావనిపిస్తుంది గానీ, ఈ పనిలో తుపాకీ బయటికొచ్చే సందర్భాలు చాలావరకు ఇలాంటి చోట తప్పటడుగు వేయడం వల్లే పుడతాయి. 2015 ఆగస్టులో ఫీనిక్స్‌లో ఒక బౌంటీ హంటర్ల గుంపు తప్పుడు సమాచారం నమ్మి రాత్రిపూట ఆయుధాలతో ఒక ఇంటిని చుట్టుముట్టింది. తలుపు తీసింది ఆ నగర పోలీసు చీఫ్. ఆ రాత్రి ఎవరూ కాల్చకపోవడం అదృష్టం.

మూడోది: మీరు పోలీసు కాదని ఒప్పుకోండి

ఉద్యోగంలో ఉన్న, రిటైరైన పోలీసులు దేశమంతా పిస్తోలు పెట్టుకు తిరగడానికి 2004లో ఒక ఫెడరల్ చట్టం వచ్చింది. అది మీకు వర్తించదు. పారిపోతున్న మనిషి ప్రమాదకరం కానప్పుడు పోలీసు కూడా కాల్చకూడదని 1985లో టెనెసీ వర్సెస్ గార్నర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మామూలు పౌరుడిగా మీకు అంత వెసులుబాటు కూడా ఉండదు. వాడు గోడ దూకి పారిపోతే మీరు పోగొట్టుకునేది ఫీజు. ప్రాణం మీదికి వస్తేనే పిస్తోలు. దాన్ని చూపించి బెదిరించడం కూడా చాలాచోట్ల నేరమే. అందుకే పెప్పర్ స్ప్రే, బేడీలు, మంచి ఫ్లాష్‌లైటు ముందు కొనండి. ఇన్సూరెన్సు ఉందో లేదో బాండు కంపెనీని అడగండి.

ఇప్పుడు షాపుకి

కౌంటరు అవతలి మనిషి ఖరీదైనదే చూపిస్తాడు. మీరు 9 మిల్లీమీటర్లలో మధ్యస్థ సైజు పిస్తోలు అడగండి. 1986లో మయామిలో ఇద్దరు ఏజెంట్లు చనిపోయిన కాల్పుల తర్వాత పెద్ద తూటాల వైపు వెళ్లిన ఎఫ్‌బీఐ కూడా దాదాపు ముప్పై ఏళ్లకి మళ్లీ 9 మిల్లీమీటర్లకే వచ్చింది. కారణం మీకూ వర్తిస్తుంది: ఎదురుతన్ను తక్కువ, గురి తొందరగా కుదురుతుంది, ప్రాక్టీసు ఖర్చు తక్కువ. గ్లాక్ 19 ఒక మంచి కొలబద్ద. నాలుగంగుళాల బ్యారెల్, మామూలు మ్యాగజైన్‌లో 15 తూటాలు. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో మ్యాగజైన్‌కి పది తూటాలే పరిమితి అని గుర్తుంచుకోండి. జేబులో పట్టే బుల్లి పిస్తోలు చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ చేతిలో గింజుకుంటుంది. కొత్తవాళ్లకి నేనైతే చెప్పను.

ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని పట్టుకోండి. చూపుడు వేలి మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద సునాయాసంగా పడాలి. వేలు సాగదీయాల్సొస్తే ఆ పిస్తోలు మీది కాదు. చేతులకి చెమట పట్టినా పై స్లైడు వెనక్కి లాగగలగాలి. కొనేముందు కాల్పులు ప్రాక్టీసు చేసే రేంజిలో అదే మోడల్ అద్దెకి తీసుకుని ఓ వంద తూటాలు కాల్చండి. పనిలో వాడే తూటా హాలో పాయింట్ (మొన బోలుగా ఉండేది) అయితే గోడ దాటి పక్క గదిలో వాళ్లకి తగిలే ప్రమాదం కొంత తగ్గుతుంది. అంతేగానీ పూర్తిగా పోదు.

ఒర విషయంలో పిసినారితనం వద్దు

ఆరువందల డాలర్ల పిస్తోలు కొని పదిహేను డాలర్ల గుడ్డ హోల్‌స్టర్‌లో పెట్టుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గ్లాక్ లాంటి వాటికి బొటనవేలితో వేసే సేఫ్టీ ఉండదు. ట్రిగ్గర్‌ని కప్పి ఉంచే గట్టి ఒరే దాని అసలు సేఫ్టీ. ఈ పనిలో మనిషిని చేతుల్తో పట్టుకుంటారు, కిందా మీదా పడతారు, అవతలివాడి చేయి మీ నడుం మీదికి వెళ్తుంది. అందుకని బయటికి కనిపించేలా పెట్టుకుంటే, బొటనవేలితో నొక్కితే గానీ పిస్తోలు రాని లాకున్న హోల్‌స్టర్ కావాలి. చొక్కా కింద దాచుకునేట్టయితే గట్టి కైడెక్స్ ప్లాస్టిక్‌ది. దానికి తగ్గ మందపాటి బెల్టు కూడా. మామూలు ఆఫీసు బెల్టు మీద పిస్తోలు బరువుకి వేలాడిపోతుంది.

పొరపాటు జరిగేది ఎక్కువగా ఒరలో తిరిగి పెట్టేటప్పుడు. నేను మొదటి నెలలో నేర్చుకున్నది చెప్తాను. రేంజిలో తీసి, గురి చూసి, దర్జాగా వెనక్కి దోపబోయాను. చొక్కా అంచు ట్రిగ్గర్ గార్డులోకి మడత పడింది. తోస్తుంటే ఏదో మెత్తగా అడ్డం తగిలినట్టు అనిపించి ఆపాను. ట్రైనర్ ఏమీ అనలేదు. నా మణికట్టు పట్టుకుని, పిస్తోలు బయటికి తీయించి, ఆ ముడతపడ్డ గుడ్డ చూపించాడు. అప్పట్నుంచి ఎడమచేత్తో చొక్కా పైకెత్తి, ఒరలోకి కళ్లారా చూసి, నెమ్మదిగా పెడతాను. తీయడానికి తొందర ఉండొచ్చు, పెట్టడానికి ఉండదు.

కార్లో గంటల తరబడి కూర్చుని కాపు కాయడం ఈ పనిలో సగం. సీటుబెల్టు బకిల్ పిస్తోలు పిడికి తగులుతుంది. అలాగని తీసి సీటు మధ్యలో పెట్టకండి. ఇంట్లో ఖాళీ పిస్తోలుతో కార్లో కూర్చుని, లేచి, వంగి చూసుకోండి. బాత్రూం ఇంకో గండం. పిస్తోలు తీసి ట్యాంకు మీదో హుక్కుకో పెడితే మర్చిపోవడం ఖాయం. ఒరలోంచి తీయకండి, ప్యాంటు మోకాళ్ల దగ్గరే పట్టుకోండి. ఇబ్బందిగా ఉంటుంది, అలవాటు చేసుకోవాలి.

ప్రాక్టీసు, పనిరోజు

రెండు వారాలకోసారైనా రేంజికి వెళ్లండి. కాల్చడం కంటే కాల్చకుండా ఆగడం ఎక్కువ సాధన చేయాలి. వేలు ట్రిగ్గర్‌కి బయట, గొట్టం ఎవరివైపూ చూడకుండా, గురి వెనక ఏముందో తెలిసేలా. పనిరోజు మందు, నిద్ర తెప్పించే మాత్ర వద్దు. స్కూళ్లు, కోర్టులు, పోస్టాఫీసులు పిస్తోలుతో వెళ్లకూడని చోట్లు. టెక్సస్‌లో 51 శాతం అని ఎర్ర అంకె రాసిన బార్లు, అంటే ఆదాయం ఎక్కువగా మందు అమ్మకం నుంచే వచ్చేవి కూడా. మీవాడు ఆ బార్లోనే కూర్చుంటే బయట ఆగండి, ఎప్పటికైనా వస్తాడు.

జనం మధ్య, ఇరుకు గదిలో పట్టుకునే ప్లాను ఎవరైనా చెప్తే నాకు 2017 మే 30 గుర్తొస్తుంది. టెక్సస్ గ్రీన్‌విల్‌లో ఒక కార్ల షోరూంలో ఇద్దరు వేటగాళ్లు, వాళ్లు వెతుకుతున్న మనిషి చిన్న ఆఫీసు గదిలో ఎదురుపడ్డారు. కొన్ని సెకన్లలో ముగ్గురూ పోయారు. అలాంటి చోట పోలీసులని పిలవడమే దారి.

వేరే రాష్ట్రానికి వెళ్తే మీ పర్మిట్ చెల్లుతుందో లేదో ముందే చూసుకోండి. విమానంలోనైతే ఖాళీ చేసి, గట్టి పెట్టెలో తాళం వేసి, కౌంటరులో చెప్పి చెక్-ఇన్ చేయాలి. ఇంటికొస్తే సేఫులో, పిల్లలకి కోడ్ తెలియకుండా. దొరికినవాణ్ణి జైలుకి తీసుకెళ్లినప్పుడు ముందే ఫోన్ చేసి పిస్తోలు ఎక్కడ అప్పగించాలో అడగండి. మామూలుగా లోపలి గేటు దగ్గర చిన్న లాకర్లుంటాయి. అందులో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే లోపలికి నడవండి.