ఆర్‌ఎక్స్ 100ను మళ్లీ కట్టుకుందాం – 4వ పాఠం: బోరింగ్‌కు ముందు పిస్టన్ చూడండి

మూడో పాఠం చివరికి మన యమహా బైకు ఇంజన్ ఫ్రేమ్‌లోంచి దిగి బల్ల మీదకి వచ్చింది. హెడ్ విప్పారు, బ్లాక్ (పిస్టన్ పైకీ కిందికీ ఆడే సిలిండర్) పైకి లాగారు, రాడ్డుకి కలిపే పిన్ను తీసి పిస్టన్‌ని చేతిలోకి తీసుకున్నారు. చాలా బళ్లు రెండోసారి పాడయ్యేది ఇక్కడే. మిస్త్రి బ్లాకులో వేలు పెట్టి తిప్పి, "ఏటి బాబూ ఆలోచిస్తన్నావు? బోరింగ్ కొట్టించెయ్, కొత్త బండిలా అయిపోద్ది" అంటాడు. రాయగడలో అడిగినా, పర్లాకిమిడిలో అడిగినా, జయపురంలో అడిగినా ఇదే జవాబు. బోరింగ్ అంటే అరిగిన బ్లాకు లోపలి గోడని కాస్త పెద్దగా కోయించి, దానికి తగ్గ పెద్ద పిస్టన్ వేయడం. అది నిజంగానే కావాల్సి ఉండొచ్చు. కానీ పాత పిస్టన్ ఎందుకు పోయిందో తేల్చుకోకుండా బ్లాకుని లేతుకి పంపితే, ఆ కారణమే కొత్త పిస్టన్‌ని కూడా తినేస్తుంది.

పైగా బోరింగులు లెక్కపెట్టినన్నే ఉంటాయి. ఈ బండికి స్టాండర్డ్ బోరు (బ్లాకు లోపలి వ్యాసం) 50 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కూడా 50 మి.మీ. ఆ పైన బజారులో దొరికే ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00. ఆ నాలుగు మెట్లూ దిగిపోతే స్లీవు (బ్లాకు లోపలి ఇనప గొట్టం) మార్చడమే. "ఒకేసారి ఒక మిల్లీమీటర్ కొట్టించేస్తే పవర్ పెరుగుతుంది కదా" అనుకునేవాళ్లు ఒకసారి లెక్క వేసుకోండి. 50 మి.మీ. బోరుకి 98.2 సీసీ, 51కి 102.1 సీసీ. ఆ నాలుగు సీసీలకి బండి ఎగిరిపోదు. మీ బ్లాకు ఆయుష్షు మాత్రం ఒక్క దెబ్బతో అయిపోతుంది.

పిస్టన్‌ని ఇంకా కడగకండి. మసి, మరకలు, గీతలు అన్నీ మనకి కావాలి. కిరోసిన్ డబ్బాలో వేశారంటే సాక్ష్యం పోయినట్టే. పగటి వెలుతురులోకి తెచ్చి, తల మీద ఉన్న బాణం గుర్తు ఎటుందో చూడండి. అది సైలెన్సర్ వైపు, అంటే బండి ముందు వైపు. ఇక పిస్టన్‌ని నెమ్మదిగా తిప్పుతూ గీతలు ఎక్కడున్నాయో చూడాలి.

బాణం వైపు మాత్రమే, నిలువుగా, అల్యూమినియం పూసినట్టు గీతలుంటే అది వేడి వల్ల పట్టేసిన పిస్టన్. కాలిన గ్యాసు బయటికి పోయేది ఆ దారినే కాబట్టి అటు వైపు ఎప్పుడూ వేడి ఎక్కువ. ఆయిల్ తగ్గినా, పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనా ముందు కాలేది అక్కడే. రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ ఎక్కే బళ్లలో ఈ రకం దెబ్బే ఎక్కువ. ఎక్కేటప్పుడు ఇంజన్ నిండా వేడెక్కుతుంది. దిగేటప్పుడు చాలామంది యాక్సిలేటర్ పూర్తిగా మూసేసి, గేరు మీదే బండిని జారనిస్తారు. ఇంజన్ వేగంగా తిరుగుతూనే ఉంటుంది, లోపలికి పెట్రోలు మాత్రం దాదాపు రాదు. ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్లోనే ఆయిల్ కలిపి నడిపే బండికి ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే పెట్రోలు ఆగితే ఆయిలూ ఆగినట్టే. దిగుడులో మధ్యమధ్యలో క్లచ్ పట్టి ఒకసారి రేజ్ ఇవ్వడం పాతకాలం డ్రైవర్ల అలవాటు. మంచి అలవాటు, నేర్చుకోండి.

పిస్టన్ చుట్టూ నాలుగు చోట్ల, పిన్ను రంధ్రాలకి అటూ ఇటూ, సమానంగా గీతలుంటే కథ వేరు. అది గోడకీ పిస్టన్‌కీ మధ్య సందు చాలక పట్టేసిన పిస్టన్. పోయినసారి బోరింగ్ బిగుతుగా కొట్టి ఉంటారు, లేదా చల్లని ఇంజన్‌ని స్టార్ట్ చేసిన వెంటనే ఫుల్ రేజ్‌లో లాగి ఉంటారు. అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. వేడి 100 డిగ్రీలు పెరిగితే 50 మి.మీ. పిస్టన్ సుమారు 0.10 మి.మీ. ఉబ్బుతుంది, ఇనప స్లీవు అందులో సగమే. పైగా పిస్టన్ ముందు వేడెక్కుతుంది, స్లీవు నిదానంగా వేడెక్కుతుంది. స్టార్ట్ చేశాక ఒకట్రెండు నిమిషాలు ఆగమనేది ఇందుకే.

వెనక వైపు, అంటే కార్బొరేటర్ వైపు, స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) మీద గీతలు లోతుగా కాకుండా గరుకు కాగితంతో రుద్దినట్టు మసకగా ఉంటే అది దుమ్ము పని. మన ప్రాంతంలో ఎర్రదుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. అయినా సౌండ్ కోసం ఫిల్టర్ పీకేసి తిరిగే కుర్రాళ్లు గుణుపురం రోడ్డు మీద రోజూ కనిపిస్తారు. ఫిల్టర్ లేని బండిలో ఎంత మంచి పిస్టన్ వేసినా డబ్బు దండగే. ముందు ఫిల్టర్ డబ్బా, దాని రబ్బరు బూటు వెతికి పెట్టుకోండి, తర్వాతే బోరింగ్ మాట.

రింగుల కింద గోధుమ రంగు మరక పాకి ఉంటే కంప్రెషన్ కిందికి కారిపోతోందని అర్థం. రింగులు అరిగాయి, లేదా మసి కట్టి గాడిలోనే ఇరుక్కుపోయాయి. ఇరుక్కున్న రింగు వేలితో నొక్కితే కదలదు. ఇది శుభవార్తే. గాడి శుభ్రం చేసి, కొత్త రింగులు వేసి, బోరింగ్ లేకుండానే గట్టెక్కిన బళ్లు చాలా ఉన్నాయి. గాడిని గోకడానికి విరిగిన పాత రింగు ముక్కని మించిన పనిముట్టు లేదు. పిస్టన్ తల అంచు కరిగినా, తలలో చిల్లు పడినా మాత్రం ఇగ్నిషన్ టైమింగునో, ప్లగ్గునో, గాలి లీకునో అనుమానించాలి.

గాలి లీకు దగ్గర కాస్త ఆగుదాం. రోగం చాలాసార్లు బ్లాకులో ఉండదు, కింద రాడ్డుని తిప్పే క్రాంక్‌కి రెండు వైపులా ఉన్న ఆయిల్ సీళ్లలో ఉంటుంది. మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి దూరి మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. బండి నడిచే రోజుల్లో రేజ్ వదిలినా ఐడిల్ వెంటనే దిగేది కాదా? మాగ్నెట్ ప్లేటు వెనక నూనె చెమ్మ ఉందా? అయితే దాదాపు అదే. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిలే లోపలికి వెళ్లి కాలుతుంది. తెల్లపొగ ఆగదు, గేర్‌బాక్స్‌లో ఆయిల్ మట్టం తగ్గిపోతూ ఉంటుంది. ఈ సీళ్లు చూడకుండా పైన మాత్రమే కొత్తది చేయడం, కప్పు కారుతుంటే గోడలకి సున్నం వేయించినట్టు ఉంటుంది.

కనెక్టింగ్ రాడ్డుని కూడా ఇప్పుడే పరీక్షించండి. క్రాంక్ తిప్పి రాడ్డుని పూర్తిగా పైకి తెచ్చి, రెండు చేతులతో పట్టుకుని నిట్టనిలువుగా లాగి నొక్కండి. పక్కలకి కొంచెం కదిలితే ఫర్వాలేదు, అలాగే కదలాలి. పైకీ కిందికీ ఏమాత్రం టక్ మన్నా పెద్ద బేరింగ్ పోయినట్టే. అప్పుడు బ్లాకు పక్కన పెట్టి ముందు క్రాంక్ పని చేయించాలి. ఆ పాఠం తర్వాత వస్తుంది.

ఇప్పుడు కొలతలు. బోర్ గేజ్ అందరి దగ్గరా ఉండదు. రింగు, ఫీలర్ గేజ్ ఉంటే ఇంట్లోనే అరుగుదల తెలుసుకోవచ్చు. ఒక రింగుని ఒంటరిగా బ్లాకులో పెట్టి, పిస్టన్ తలతో నెట్టి, అడ్డంగా వాలకుండా సమంగా కూర్చోబెట్టండి. ముందు బ్లాకు అడుగున, పిస్టన్ రింగులు ఎప్పుడూ చేరని చోట, రింగు రెండు కొసల మధ్య సందు కొలవండి. తర్వాత పైభాగంలో, ఎగ్జాస్ట్ పోర్టుకి (పొగ బయటికి పోయే రంధ్రం) కాస్త పైన, అదే రింగుతో కొలవండి. పోర్టు రంధ్రాలకి ఎదురుగా మాత్రం పెట్టకండి, లెక్క తప్పుతుంది.

ఆ రెండు సందుల తేడాని 3.14తో భాగిస్తే వచ్చేది బోరు వ్యాసంలో అరుగుదల. అడుగున 0.30, పైన 0.42 వచ్చిందనుకోండి. తేడా 0.12. మూడుంపావుకి కాస్త తక్కువతో భాగిస్తే సుమారు 0.04 మి.మీ. అరిగినట్టు. ఇది ఇంకా బతికే బ్లాకు, కొత్త రింగులతో నడుస్తుంది. పైన 0.60 వస్తే తేడా 0.30, అరుగుదల దాదాపు 0.10. అప్పుడు బోరింగ్ తప్పదు. నేను 0.05ని గీతగా పెట్టుకుంటాను. గోటికి తగిలే లోతు గీత గోడ మీద ఉంటే మాత్రం ఈ లెక్కలేవీ అక్కర్లేదు, బోరింగే. కొత్త రింగులు వేసేటప్పుడు కొసల సందు 0.20 దరిదాపుల్లో ఉండాలి. మరీ తక్కువైతే వేడికి కొసలు ఒకదాన్నొకటి గుద్దుకుని రింగు విరుగుతుంది.

బోరింగ్ అని తేలితే ముందు పిస్టన్ కొనండి, తర్వాత లేతుకి వెళ్లండి. పిస్టన్ చేతిలో లేకుండా "ఫిఫ్టీకి కొట్టెయ్ భాయ్" (0.50 ఓవర్‌సైజ్ అని అర్థం) అని బ్లాకు ఇచ్చి రావడం తప్పు పద్ధతి. డబ్బా మీద 0.50 అని ఉన్న రెండు పిస్టన్లు కూడా కొలిస్తే ఒకేలా రావు. లేతు అతను మైక్రోమీటర్‌తో మీ పిస్టన్‌ని స్కర్ట్ కింది అంచు నుంచి సుమారు 10 మి.మీ. పైన, పిన్నుకి అడ్డంగా కొలిచి, దానికి తగ్గట్టు బోరు కొట్టాలి. పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉంచాల్సిన సందు పిస్టన్ డబ్బాలో రాసి ఉంటే అదే పాటించండి, లేకపోతే 0.03కీ 0.05కీ మధ్య. ఘాట్‌లు ఎక్కే బండికి 0.04 అడగండి. మీ ఊళ్లో మంచి బోరింగ్ మిషను లేకపోతే బరంపురమో విజయనగరమో వెళ్లి రావడం మంచిది. ఒక్క రోజు పోతుంది, అంతే.

రెండు మాటలు అతనికి గట్టిగా చెప్పాలి. ఒకటి, హోనింగ్ (రాయితో గోడ మీద సన్నటి గీతలు వేయడం) చేయకుండా ఇవ్వొద్దు. గోడ అద్దంలా మెరిస్తే ఆయిల్ నిలవదు, సన్నటి అడ్డగీతల మీదే నిలుస్తుంది. రెండోది చాలామంది మర్చిపోయేది. బోరింగ్ అయ్యాక పోర్టుల అంచులు కత్తిలా పదునుగా మిగులుతాయి. వాటిని కొద్దిగా వాల్చాలి, లేకపోతే రింగు అక్కడ తట్టుకుని విరుగుతుంది.

ఇంటికి తెచ్చిన బ్లాకుని పెట్రోలుతో తుడిచి ఊరుకోకండి. వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షు పెట్టి కడగండి. తెల్ల గుడ్డతో తుడిస్తే బూడిద రంగు అంటనంతవరకు కడగాలి. హోనింగ్ రాయి పొడి అందులో మిగిలితే మొదటి యాభై కిలోమీటర్లలోనే రింగుల్ని తినేస్తుంది. ఆరిన వెంటనే 2టీ (టూ-స్ట్రోక్) ఆయిల్ పూయండి, వానాకాలంలో గంట ఆగినా తుప్పు మొదలవుతుంది.

బిగింపు పెద్ద విద్య కాదు. క్రాంక్‌కేస్ నోటికి గుడ్డ కుక్కండి, లేకపోతే పిన్ను లాక్ ఎగిరి అందులో పడుతుంది. పాత లాకులు మళ్లీ వాడకండి. బాణం ముందుకి. రింగు కొసలు గాడిలో ఉన్న చిన్న పిన్నులకి సరిగ్గా రావాలి. బ్లాకు దించేటప్పుడు బలం వాడాల్సి వస్తే ఎక్కడో రింగు ఇరుక్కుందని అర్థం, ఆపి చూడండి. హెడ్ నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

కస్టమ్ చేయాలనుకునేవాళ్ల నుంచి ఎప్పుడూ వచ్చే ప్రశ్న 135 బ్లాకు. ఆర్‌ఎక్స్ 135 బోరు 58 మి.మీ., స్ట్రోకు అదే 50, అంటే 132 సీసీ. బోరింగ్‌కి పెట్టే డబ్బుతో దాన్నే వేసేద్దామని ఆశ పుడుతుంది. మీ ఆర్‌సిలో మాత్రం 98 సీసీ అనే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సిలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా దగ్గర మొదటి చిక్కు ఇదే అవుతుంది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల్ని నమ్ముకుని ఉంటే అవి 50 ఏళ్లు నిండిన బళ్లకే. ఆర్‌ఎక్స్ 100 మొదలైంది 1985లో కాబట్టి మొదటి బండికి కూడా 2035 దాకా ఆగాలి, పైగా ఇంజనూ చాసీసూ మార్చిన బండికి ఆ హోదా రాదు. సీటు, హ్యాండిల్, అద్దాలు, రంగు మీద మీ సరదా తీర్చుకోండి. రంగు మారిస్తే ఆర్‌సిలో ఎక్కించుకోవడం మర్చిపోకండి. ఇంజన్‌ని మాత్రం కంపెనీ ఇచ్చిన కొలతకే తెచ్చుకోండి. బాగా ఉన్న 98 సీసీకి 11 హార్స్‌పవర్, మన రోడ్లకి అది చాలు.

వచ్చే పాఠం కార్బొరేటర్, రీడ్ వాల్వు. అప్పటికి మూడు పనులు చేసి పెట్టుకోండి: రెండు చోట్ల కొలిచిన రింగు సందులు కాగితం మీద రాసుకోవడం, మాగ్నెట్ ప్లేటు వెనక చెమ్మ ఉందో లేదో చూడటం, ఫిల్టర్ డబ్బా రబ్బరు బూటు పగిలిందేమో వంచి చూడటం. బూటు పగిలి ఉంటే ఈలోపే కొత్తది తెప్పించండి, అది లేకుండా కార్బొరేటర్‌లో జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) సెట్టింగ్ మొదలుపెట్టలేం.