ఇంప్రెషనిస్ట్ బొమ్మల మూడ్ ఎట్ల పట్టుకోవాలె

ఇంప్రెషనిస్టులంటే పందొమ్మిదో శతాబ్దంల ఫ్రాన్స్‌ల, ఆ క్షణాన కంటికి ఆనిన వెలుతురును బొమ్మల పట్టిన చిత్రకారులు. వాళ్ల ప్రకృతి బొమ్మలు చూసి చాలామంది ఫస్ట్ అడిగేది దీంట్ల కథ ఏంది అని, మనకు గుడి గోడల మీద రామాయణం చూసిన అలవాటు గదా. వీటిల్ల కథ దేవులాడకుండ్రి, ముందు వెలుతురు చూడుండ్రి. అది పొద్దుగాలనా పొద్దూకినంకనా, ఏ కాలం, గాలిల తేమ ఉందా దుమ్ముందా, ఇది తేలితే సగం పనైపోయినట్టే.

నీడల రంగు చూడుండ్రి. పాతోళ్లు నీడంటే గోధుమ రంగో నలుపో వేసేటోళ్లు, వీళ్లు నీలం, ఊదా వేస్తరు. ఉత్తగనే వెయ్యలే, సాయంత్రం ఎండ పసుపుగ ఉన్నప్పుడు నల్గొండల ఏ సున్నం గోడ మీదనైనా వేపచెట్టు నీడ చూడుండ్రి, దాంట్ల జర నీలం కనవడ్తది, ఎందుకంటే ఎండ తగలని జాగల పడేది ఆకాశం వెలుతురే.

ఇగ వాళ్లల్ల ఒకడైన మోనే 1872ల వేసిన 'ఇంప్రెషన్, సన్‌రైజ్', ఫ్రాన్స్‌ల లె హావ్ర్ అనే రేవు అది. ఫోన్ల ఆ బొమ్మ తీసి బ్లాక్ అండ్ వైట్ చేయుండ్రి, సూర్యుడు దాదాపు మాయమైతడు! చుట్టూ ఉన్న బూడిద రంగు మబ్బుకూ ఆ నారింజ సూర్యుడికీ వెలుగు ఇంచుమించు ఒక్కటే, తేడా రంగులనే ఉంది, అందుకే కంటికి అది నిలకడగ ఆనదు, వణుకుతున్నట్టుంటది, ఆ బొమ్మల మూడంతా ఆ వణుకే. వెనక చిమ్నీలు, క్రేన్లు కూడా ఉన్నయ్, అంటే పనికి లేస్తున్న రేవు, ఉత్త అందం కాదు.

అర్థం దగ్గరికొస్తే నాకు మస్తు నచ్చేవి మోనే కుప్పలు. 1890 నుంచి 91 దాక జివర్నీ అనే ఊర్ల తన ఇంటి పక్క పొలంల ఇరవై అయిదు దాక వేసిండు. చూడంగనే మన గడ్డివాము అనుకుంటం, కాదు, అవి గింజ రాల్చని గోధుమ కుప్పలు, ఊరి పంట అంతా అండ్లనే ఉంది. ఇప్పుడు మిర్యాలగూడ దిక్కు అంతా హార్వెస్టర్లే గానీ, కుప్ప నూర్చేదాక రైతుకు నిద్రపట్టదని పెద్దోళ్లనడిగితే చెప్తరు. గది తెలిసి మంచుల కుప్ప ఉన్న బొమ్మ చూస్తే, వెనక ఇండ్ల కప్పులు కూడా కనవడ్తయ్ గదా, ఒంటరితనం కంటే ధీమా ఎక్కువ అనిపిస్తది. కొందరు ఒంటరితనమే అంటరు, అననీయ్, కానీ బొమ్మల ఏది చూసి అంటున్నరో వేలుపెట్టి చూపియ్యాలె.

లేకుంటే సిస్లీ అనే ఇంకో ఇంప్రెషనిస్ట్ 1876ల వేసిన, పోర్ట్ మార్లీ అనే ఊరి వరద బొమ్మ లాంటివాటి కాడ దెబ్బతింటం. పేరుల వరద ఉంది కాబట్టి దుఃఖం అని రాసేస్తరు, తీరా చూస్తే నీళ్లు నిలకడగ ఉన్నయ్, పడవలల్ల మనుషులు తమ పని తాము చేసుకుంటున్నరు.

బ్రష్ గీతలు దగ్గరికి జూమ్ చేసి ఒకసారి, దూరం పెట్టి ఒకసారి చూడుండ్రి. ఫోన్ స్క్రీన్ మీద రంగులు ఎక్కువ తక్కువ చూపిస్తది, మ్యూజియం సైట్ల ఫొటోనే తీసుకోండి, కొలతలు కూడా చదవండి, ఆ సన్‌రైజ్ బొమ్మ 48 బై 63 సెంటీమీటర్లే.