మాస్టారి పేరు ప్రతిపాదించేటప్పుడు

విజయనగరంలో ఒక కళాశాల కార్యాలయంలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. ఎన్ని సన్మాన పత్రాలు టైపు చేశానో లెక్కలేదు. అన్నింటిలోనూ మాస్టారు సరస్వతీ పుత్రుడే. ఒక పండిత సంఘంలో గౌరవ సభ్యత్వానికి మా వృక్షశాస్త్రం మాస్టారి పేరు పంపినప్పుడూ అదే రాశాను. 'ఇంతకీ వీరు చేసిన పని ఏమిటి?' అని అడుగుతూ కాగితాలు తిరిగొచ్చాయి.

ముందు సంస్థ సంగతి తేల్చుకోండి. సి.వి. రామన్ 1934లో బెంగళూరులో నెలకొల్పిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వంటి చోట ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకోరు. అప్పటికే ఫెలోలుగా, అంటే ఎన్నికైన సభ్యులుగా, ఉన్నవారు ప్రతిపాదించాలి, తర్వాత ఎన్నిక. కనుక మాస్టారి పరిశోధన ఎరిగిన ఫెలో ఎవరో వెతకడమే మొదటి పని. ఇంత రుసుము కడితే బిరుదు ఇస్తామని ఫోను చేసేవారికి ఒక నమస్కారం పెట్టి ఊరుకోండి.

మాస్టారి అంగీకారం తీసుకోండి. 'ఇప్పుడెందుకయ్యా' అంటారు. రెండోసారి వెళ్లండి.

తర్వాత ప్రచురణల జాబితా. అసలు చిక్కు ఇక్కడే. మన ఇంటిపేర్లు మనల్ని ముంచుతాయి. మా మాస్టారి వ్యాసాల్లో కొన్నింట ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా, కొన్నింట చివర పూర్తిగా ఉంది. చూసేవారికి ఇద్దరు మనుషులు. జాబితా పైనే ఆ రెండు రూపాలూ ఒకరివేనని రాశాం. సంవత్సరాలను అచ్చుప్రతి చూసి వేయండి, జ్ఞాపకం నుంచి కాదు.

ఇక ప్రశంసా పత్రం. గిడుగు రామమూర్తి గారిని 'మహాపండితుడు' అంటే ఏం తెలుస్తుంది? సవర భాష నేర్చుకుని 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారంటే మనిషి కనిపిస్తారు. మేమూ విశేషణాలన్నీ కొట్టేశాం. తూర్పు కనుమల్లో తిరిగి తెచ్చిన మొక్కలను పాత పత్రికల మధ్య అదిమి ఆరబెట్టి అట్టలకు అంటించడం, ప్రతి అట్ట మూల ఊరు, తేదీ, వరుస సంఖ్య రాయడం, ఆ అట్టల మీదే తరవాతి విద్యార్థులు పని నేర్చుకోవడం: అంతే రాశాం. ఒక పేజీ దాటలేదు. ఈసారి తిరిగి రాలేదు.

సభకు జరీ శాలువా వద్దు, బీరువాలో మూలుగుతుంది. పొందూరు ఖద్దరు ఉత్తరీయం తెప్పించండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి వడికిన నూలు అది. మాస్టారు భుజం మీంచి తీయరు. వక్తలను ఇద్దరికి మించనీయకండి. మాస్టారి భార్యకు ముందు వరుసలో కుర్చీ వేయండి. మేం మరిచిపోయి, సభ మొదలయ్యాక వెనక నుంచి పిలుచుకొచ్చాం.

పత్రం చదివేముందు మాస్టారికి ఒకసారి చూపించండి. మా సభలో నేను చదువుతుంటే ఆయన మధ్యలో చెయ్యెత్తారు. 'అది పార్వతీపురం దగ్గర కాదయ్యా, సాలూరు దగ్గర. అట్ట చూడు.'