మైళ్లతో సీటు పెంచుకుంటే చేతినుంచి పడే పన్నులు

కడప, ఓర్వకల్లు నుంచి ఎగిరే చిన్న ఏటీఆర్‌లలో బిజినెస్ క్లాసే ఉండదు, మైళ్లు (విమాన సంస్థలు ప్రయాణాలకు ఇచ్చే పాయింట్లు) దాచుకోండి. మైళ్లతో ఎకానమీ నుంచి పై తరగతి సీటుకు మారే ఈ లెక్క అనంతపురం నుంచి దేవనహళ్లికి, అంటే బెంగళూరు విమానాశ్రయానికి కారేసుకొని వెళ్లి, అక్కడ లండన్ విమానం ఎక్కేవాళ్లకు.

మైళ్లు తీరుస్తాయనుకునేది రెండు తరగతుల ఛార్జీల మధ్య తేడా. పన్ను మాత్రం పై తరగతి రేటుకు మారుతుంది. మన దగ్గర 2025 సెప్టెంబరు 22 నుంచి ఎకానమీకి జీఎస్టీ 5 శాతం, మిగతా తరగతులకు 18.

అసలు దెబ్బ తిరుగు ప్రయాణంలో. బ్రిటన్‌లో బయల్దేరే ప్రయాణికుడిపై ఆ ప్రభుత్వం సుంకం వేస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా ఉన్న రేట్ల ప్రకారం ఇండియాకు ఎకానమీలో 90 పౌండ్లు, పై తరగతిలో 216. అందుకే వెళ్లేటప్పుడు పెంచుకొని, వచ్చేటప్పుడు ఎకానమీలో కూర్చుంటే, ఆ రేట్ల లెక్కన 126 పౌండ్లు మిగులుతాయి. 16 ఏళ్లలోపు పిల్లలకు ఎకానమీలో ఈ సుంకమే లేదు. వాళ్ల సీటు పెంచారా, పై తరగతి సుంకం మొత్తం కట్టాల్సిందే! అమెరికా నుంచి ఒకే టికెట్‌పై వస్తూ లండన్‌లో 24 గంటల్లోపే విమానం మారితే సుంకం పడదు. చుట్టాలింట్లో రెండు రోజులు దిగితే పడుతుంది.

చౌక టికెట్లు చాలావాటికి సీటు పెంచుకునే హక్కే ఉండదు. కొనేముందే ఫేర్ కోడ్ అక్షరం (టికెట్ ఏ రకం ఛార్జీదో చెప్పే అక్షరం) చూడండి. మైళ్లు వాడే ముందు తెరపై కనిపించే పన్నుల చిట్టా ఫొటో తీసి పెట్టుకోండి, రద్దు చేస్తే పనికొస్తుంది.