ఆన్‌లైన్ కోర్సుల రూపకల్పన, మూడవ పాఠం: ఏది స్థిరం, ఏది స్వేచ్ఛ

కిందటి పాఠం అభ్యాసంలో మీరు ఒక కోర్సులోని వారం పేజీలను తెరిచి, వాటిలో మళ్ళీ మళ్ళీ కనిపించే భాగాలను, అంటే వారం పరిచయం, అభ్యసన లక్ష్యాలు, వీడియో, పఠన సామగ్రి, చర్చ, క్విజ్, అసైన్‌మెంట్ వంటివాటిని, ఒక పట్టికగా రాసుకున్నారు. ఆ పట్టిక ఇంకా డిజైన్ సిస్టమ్ (అన్ని కోర్సులూ ఉమ్మడిగా వాడుకునే భాగాలు, నియమాల సముదాయం) కాదు. ఒక్కో భాగంలో ఏది మారకూడదో, ఏది అధ్యాపకుల ఇష్టానికి వదలాలో తేల్చినప్పుడే ఆ భాగం కాంపొనెంట్, అంటే ఏ కోర్సులోనైనా మళ్ళీ వాడుకోగల అచ్చు, అవుతుంది.

ముందు పేర్ల సంగతి చూద్దాం. ఒక భాగానికి ‘నీలం పెట్టె’ అని పేరు పెడితే, విశ్వవిద్యాలయం తన రంగులు మార్చుకున్న రోజున ఆ పేరు అబద్ధమవుతుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది: ఒక అధ్యాపకురాలు దానిని నిర్వచనానికి, మరొకరు హెచ్చరికకు వాడితే, ఆ పెట్టె ఏమి చెప్పడానికి వచ్చిందో విద్యార్థికి అర్థం కాదు. అందువల్ల ‘నిర్వచనం’, ‘ఆగి ఆలోచించండి’, ‘గడువు’ అని చేసే పనిని బట్టి పేరు పెట్టండి. రంగుల టోకెన్లకు, అంటే డిజైన్‌లో రంగులకు మనం పెట్టుకునే ఉమ్మడి పేర్లకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది; ‘ఎరుపు’ కన్నా ‘హెచ్చరిక రంగు’ ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇప్పుడు అసైన్‌మెంట్ కాంపొనెంట్‌ను తీసుకోండి. ఏమి చేయాలి, ఎందుకు చేయాలి, సుమారుగా ఎంత సమయం పడుతుంది, గడువు ఎప్పుడు, మార్కులు ఎలా వేస్తారు అనే అయిదు అంశాలూ ప్రతి కోర్సులోనూ ఇదే వరుసలో ఉండాలి, ఎందుకంటే గడువు ఎక్కడుందో వెతుక్కోవడం చదువులో భాగం కాదు. కాని ఆ అయిదు గదుల్లో ఏమి నింపాలన్నది బోధించేవారి హక్కు: గణితంలో అది నాలుగు సమస్యల సాధన కావచ్చు, చరిత్రలో ఒక మూలపత్రం విశ్లేషణ, నర్సింగ్‌లో ఒక రోగి కేసు కావచ్చు. వివరణ రెండు వాక్యాల్లో ముగిసినా, రెండు పేజీలు నిండినా కాంపొనెంట్ రూపం చెడకూడదు. చాలా టెంప్లేట్లు ఇక్కడే విఫలమవుతాయి. వాటిని తయారుచేసినవారు తమ నమూనా పాఠ్యానికి సరిపడే కొలతతోనే పెట్టె గీస్తారు.

అధ్యాపకుల జ్ఞాపకశక్తికి వదలకూడనిది అందుబాటు, అంటే వైకల్యం ఉన్న విద్యార్థులు కూడా పేజీని వాడుకోగలగడం. 2023 అక్టోబరులో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.2 (వెబ్ పేజీల అందుబాటు మార్గదర్శకాలు) ప్రమాణాల ఏఏ స్థాయి (మూడు స్థాయిల్లో మధ్యది) ప్రకారం సాధారణ అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా నిష్పత్తి) కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. రంగు ఒక్కటే సమాచారాన్ని మోయకూడదు. రికార్డు చేసిన వీడియోకు క్యాప్షన్లు ఉండాలి. రంగులకు సంబంధించిన ఈ నియమాలను కాంపొనెంట్‌లోనే ఇమిడ్చివేయండి, క్యాప్షన్లకు వీడియో కాంపొనెంట్‌లో తప్పనిసరి గది కేటాయించండి.

ఒక సాంకేతిక జాగ్రత్త కూడా అవసరం. అనేక ఎల్ఎంఎస్‌ల (ఆన్‌లైన్ కోర్సులను నడిపే సాఫ్ట్‌వేర్ వేదికల) ఎడిటర్లు భద్రత దృష్ట్యా మనం అతికించిన కోడ్‌లో కొంత తీసివేస్తాయి. కాబట్టి అలంకరణ అంతా పోయినా అసలైన హెడింగులు, జాబితాలు, పేరాలు మిగిలి, పేజీ చదవదగినట్లుగా ఉండాలి.

ఇక రూపభేదాల విషయం. ఒక్కో కాంపొనెంట్‌కు మూడుకు మించి రూపాలు ఇవ్వవద్దని నా సలహా, ఇది నియమమేమీ కాదు. నాలుగవ రూపం కావాలని ఎవరైనా అడిగితే, వారికి కావలసింది వేరే రూపమా లేక వేరే పని చేసే కొత్త కాంపొనెంటా అని ముందు విచారించండి.

అభ్యాసం: మీ పట్టికలోంచి మూడు భాగాలను ఎన్నుకొని, ఒక్కోదానికి ‘స్థిరం’, ‘స్వేచ్ఛ’ అని రెండు వరుసలు గీసి నింపండి. తర్వాత వాటిని పరస్పరం సంబంధం లేని రెండు విషయాలు బోధించే సహోద్యోగులకు ఇచ్చి, తమ కోర్సులోని ఒక వారం పాఠాన్ని వాటిలో అమర్చమనండి. వారు పని చేస్తున్నంతసేపూ మీరు సలహా చెప్పవద్దు. వారు ఏ గదిని ఖాళీగా వదిలారో, ఏ గదిలో ఇమడని విషయాన్ని ఇరికించారో మాత్రం రాసుకోండి. నాలుగవ పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.