థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ ఎందుకు దిగడం లేదు?

థైరాయిడ్ తక్కువగా పనిచేసేవాళ్ల రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువగా కనిపిస్తుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసే హార్మోను కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ను అదిలించడానికి పంపేది. గొంతులోని గ్రంథి మందగించేకొద్దీ పిట్యూటరీ అదిలింపు పెంచుతుంది, అంకె ఎక్కుతుంది. మాత్ర ఒంటికి పడుతుంటే ఆ అంకె దిగాలి. పెద్దవాళ్లలో సుమారు 0.4 నుంచి 4 వరకు మామూలే. ల్యాబ్‌ను బట్టి హద్దులు కొంచెం మారతాయి, మీ రిపోర్టులో పక్కన అచ్చేసినవే చూసుకోండి.

దిగకపోతే వెంటనే డోసు పెంచమని అడగొద్దు. మాత్ర ఎలా వేసుకుంటున్నారో ముందు చూసుకోండి. తప్పు ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.

థైరాయిడ్ మాత్రలో ఉండే మందు లీవోథైరాక్సిన్, పొట్టిగా థైరాక్సిన్. అది పరగడుపున వేసుకుంటేనే పేగుల్లోంచి రక్తంలోకి బాగా చేరుతుంది. లేవగానే మంచినీళ్లతో వేసుకుని, కాఫీ టిఫిన్లకు కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. టిఫిన్ మానేసి కాఫీ మాత్రం తాగేస్తే పరగడుపు కిందికి రాదు, కాఫీ కూడా మందును అడ్డుకుంటుంది. ఐరన్, కాల్షియం మాత్రలు ఇంకా మొండివి. థైరాక్సిన్‌ను పట్టుకుని పేగులోనే ఉంచేస్తాయి. వాటికీ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి. మూడింటినీ ఒకే గుక్కలో మింగేసి మందు పనిచేయడం లేదనుకునేవాళ్లు తక్కువేం కాదు. పొద్దున ఇదంతా కుదరకపోతే, రాత్రి భోజనమైన 3 గంటలకు వేసుకునే పద్ధతీ ఉంది. డాక్టరుకు చెప్పి మార్చుకోండి, రోజుకో వేళ మాత్రం పెట్టుకోకండి.

సీసాను పొయ్యి పక్కన, ఎండ తగిలే కిటికీలో పెట్టకూడదు. వేడికి, తేమకు మందు బలం తగ్గుతుంది.

ఇక పరీక్ష. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు 7 రోజులు పడుతుంది. అందుకే డోసు మార్చాక 6 నుంచి 8 వారాలు ఆగి పరీక్ష చేయించాలి. రెండు వారాలకే చేయిస్తే డబ్బు దండగ, పైగా ఆ అంకె చూసి డోసు మార్చేసే ప్రమాదం. ఆ రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే కనీసం 2 రోజుల ముందు ఆపాలి. కొన్ని యంత్రాల్లో అది టీఎస్‌హెచ్‌ను లేనిపోనంత తక్కువగా చూపిస్తుంది.

గ్రంథి దాదాపు పూర్తిగా ఆగిపోయినవాళ్లకు రోజుకు కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాముల లెక్కన మందు పడుతుంది. 60 కిలోల మనిషికి 100 దగ్గర. గ్రంథి కొంత పనిచేస్తుంటే అంతకంటే తక్కువ చాలు. పెద్ద వయసువాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు 12.5 లేదా 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఇరుగుపొరుగు డోసుతో పోల్చుకోవడంలో అర్థం లేదు. టీ4 (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోను) మామూలుగా ఉండి టీఎస్‌హెచ్ ఒక్కటే 5 నుంచి 10 మధ్య ఉంటే, గర్భం లేనప్పుడు, రెండు మూడు నెలలాగి మళ్లీ చూస్తారు. చాలామందికి మందు లేకుండానే తగ్గిపోతుంది.

గర్భం వచ్చిందని తెలియగానే మాత్ర ఆపేయడం పెద్ద పొరపాటు. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి హార్మోనే ఆధారం. నెల తప్పగానే డాక్టరుకు చెప్పండి, డోసు సాధారణంగా 25 నుంచి 30 శాతం పెంచాల్సి వస్తుంది.

టీఎస్‌హెచ్ 0.1 కంటే కిందికి పోయిందంటే డోసు ఎక్కువైందేమో చూడాలి. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం కనిపిస్తాయి. నెలసరి ఆగినవాళ్లలో ఎముకలు గుల్లబారతాయి. బరువు తగ్గుదామని సొంతంగా డోసు పెంచుకునేవాళ్లు వచ్చి పడేది ఇక్కడికే. నిజానికి థైరాయిడ్ లోపం వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరూ.