తుడిచిన పది రోజులకే బాత్రూంలో మళ్లీ బూజు

విశాఖలో వానాకాలం తువ్వాలే రెండు రోజులకి ఆరదు, ఇక బాత్రూం గోడ సంగతి చెప్పేదేముంది! బ్లీచింగ్ వేసి రుద్దితే నలుపు పోతుంది, పది రోజులకి అక్కడే మళ్లీ తేలుతుంది. బూజు ఎక్కడ పడుతోందో చూస్తే, దానికి నీళ్లు ఎక్కణ్ణుంచి అందుతున్నాయో చాలావరకు తెలుస్తుంది.

సీలింగ్ మీద, పై మూలల్లో నల్ల చుక్కలు

స్నానం ఆవిరి బయటికి పోవట్లేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అంటారా? ఫ్యాన్ వేసి, తలుపు మూసి, దాని జాలీకి టిష్యూ ముక్క ఆనించండి. అతుక్కుంటే సరే. తలుపు తీస్తేనే అతుక్కుంటోందంటే లోపలికి గాలి వచ్చే దారి లేదు, తలుపు కింద వేలు మందం సందు పెట్టించండి. తీసినా అతుక్కోకపోతే బయటి షట్టర్ రెక్కలు దుమ్ముకి బిగుసుకున్నాయేమో చూడండి. స్నానమయ్యాక ఫ్యాన్ 20 నిమిషాలైనా తిరగాలి. అంతకుముందు టైల్స్ మీది నీళ్లు వైపర్‌తో కిందికి లాగేస్తే ఆవిరయ్యేదే తగ్గుతుంది.

ఒకే గోడకి, పక్కన ఏసీ గది

మా ఇంట్లో ఇదే. పెయింటర్ వచ్చి "లీకేజీ సార్" అని తేల్చేసి వాటర్‌ప్రూఫ్ రంగు వేశాడు. ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ నలుపు. అప్పుడు జానెడు పాలిథీన్ ముక్కని ఆ గోడకి నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రోజు వదిలేశాను. గోడలోంచి చెమ్మ వస్తుంటే బొట్లు కవరు వెనక పడతాయి. మాకు కవరు పైన పట్టాయి. అంటే రాత్రంతా ఏసీకి చల్లబడ్డ గోడకి, పొద్దున స్నానం ఆవిరి తగిలి నీరవుతోంది, చల్లటి నీళ్ల గ్లాసుకి చెమట పట్టినట్టే. ఏసీ 20 నుంచి 26కి పెంచాం, గాలి ఆ గోడకి కొట్టకుండా రెక్కలు తిప్పాం. రంగుకి పోసిన డబ్బు దండగ.

సిలికాన్ పట్టీ నల్లబడటం

బేసిన్ అంచుల్లో, గోడ మూలల్లో సందు మూయడానికి వేసే రబ్బరు లాంటి పట్టీ ఇది. బూజు దాని లోపలికి దిగిపోయాక రుద్దినా పోదు. బ్లేడుతో కోసి తీసి, బాగా ఆరాక బూజు పట్టని రకం శానిటరీ సిలికాన్ వేయించండి. ఒక రోజు నీళ్లు తగలనివ్వద్దు.

టైల్స్ సందుల్లో నలుపుకి చాలామంది యాసిడ్ పోస్తారు. అది వైట్ సిమెంటునే తినేస్తుంది. గరుకెక్కిన సందులో నీరు ఇంకా నిలుస్తుంది. బ్లీచింగ్ వేసిన చోట యాసిడ్ అసలు పోయకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఇరుకు బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. నల్లా మూలల్లో గులాబీ రంగు జిగురు మాత్రం బూజు కాదు, బ్యాక్టీరియా. సబ్బు నీళ్లతో బ్రష్ చేస్తే పోతుంది.

పసుపు అంచు మరక, పెయింట్ ఉబ్బి పెచ్చులు ఊడటం

మీరు వారం రోజులు ఊళ్లో లేకపోయినా పెరుగుతోందా? అయితే పై ఇంటి నహానీ ట్రాప్‌నో (బాత్రూం నేల మీది నీళ్లు పోయే జాలీ కింది గిన్నె), పైపు జాయింట్‌నో అనుమానించాలి. అది ఆగేదాకా కింద రంగు వేయించకండి. మరక అంచు వెంట పెన్సిల్ గీత గీసి, పక్కన తేదీ రాసి ఫోటో తీయండి. వారం తర్వాత ఇంకొకటి. ఆ రెండు ఫోటోలూ పట్టుకుని పైకి వెళ్లి, మరక పెరగడం ఆగుతుందేమో చూడటానికి ఆ బాత్రూం మూడు రోజులు వాడకుండా ఉంటారేమో అడగండి.